మహారాజశ్రీ 'ఇంగ్' ప్రత్యయం గారికి

నమస్కారములు. ఉభయకుశలోపరి. తమరు మా ఊళ్లో క్షేమంగా ఉన్నారనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. మా వీధిలోని కటింగ్ షాపు, వెల్డింగ్ షాపు, మ్యాచింగ్ సెంటరు, వాటి ముందు ఎర్రరంగుతో రాసిన 'నో పార్కింగ్' బోర్డు చాలు.

తమ పుట్టుపూర్వోత్తరాలు కొంత విచారించాను. పాత ఇంగ్లీషులో క్రియను నామంగా మార్చే 'ఉంగ్', 'ఇంగ్' రూపాలు తమవి; జరుగుతున్న పనిని చెప్పే 'ఎండె' వేరొకరు. మధ్యయుగాల్లో ఆయన రూపం అరిగిపోయి తమలో కలిసిపోగా, ఇద్దరి కొలువూ తమరొక్కరే చేస్తున్నారు. దానికి నాకేమీ అభ్యంతరం లేదు. పనికి పేరుగా వచ్చి, పని ముగిశాక లేచి వెళ్లకుండా, తయారైన వస్తువు మీద కూర్చుండిపోతారు చూడండి, అదీ నా ఫిర్యాదు. 'బిల్డింగ్' అంటే మొదట కట్టే పని. తాపీమేస్త్రి కూలి తీసుకుని వెళ్లిపోయినా, తమరు మాత్రం ఆ ఇల్లు ఖాళీ చేయలేదు.

'సీలింగ్' సంగతి మరీ ఘోరం. అది మొదట గదికి లోపలివైపు చెక్కపలకలు బిగించే పని, తర్వాత ఆ పలకలు, ఆపైన కప్పు అడుగుభాగం, అక్కణ్నుంచి దేనికైనా గరిష్ఠ పరిమితి. ఈ చివరి అర్థంతోనే తమరు ఆంధ్రప్రదేశ్‌లో 1973 నాటి భూసంస్కరణల చట్టమెక్కి పల్లెలకు దిగారు. "మన మాగాణి సీలింగులో పోయింది" అని మా తాతయ్య పడక్కుర్చీలో కూర్చుని అన్నప్పుడు, ఏడేళ్లవాణ్ని నేను తలెత్తి, పైన తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను రెక్కల వైపు చాలాసేపు అనుమానంగా చూశాను.

ఇక్కడికొచ్చాక తమరికి కొత్త విద్యలు కూడా అబ్బాయి. నగల కొట్లో 'కవరింగ్' అంటే చవక లోహం మీద పలుచటి బంగారు పూత. అర్ధరాత్రి ఇల్లు చేరిన మగవాడు గుమ్మంలో చెప్పే సాకుకూ అదే పేరు, అది మాత్రం రెండు ఉతుకులకు కూడా ఆగదు. బల్బు బిగించే 'ఫిట్టింగ్' పక్కవాణ్ని ఇరికించే పన్నాగమైంది. ఇక మా అమ్మ చీర కొంగునూ జాకెట్టు గుడ్డనూ కొట్టు బయటి ఎండలోకి తెచ్చి, పక్కపక్కన పట్టి, కళ్లు చికిలించి "ఇదీ మ్యాచింగ్" అందంటే, తమరు మీటరు బద్దతో కొలిచి, కత్తిరించి, పొట్లం కట్టే సరుకైపోయారన్నమాట.

ఇంత పలుకుబడి ఉన్నా, పని విషయంలో మేము తమరిని బొత్తిగా నమ్మము. 'పార్కింగ్' అనేదే ఒక పని అయినప్పటికీ, దానికి 'చేయు' తగిలించి, ఆ వెనక 'డం' చేర్చి 'పార్కింగ్ చేయడం' అంటాము. తమరు క్రియను నామం చేస్తే, మేము ఆ నామాన్ని క్రియ చేసి, తిరిగి నామం చేస్తాము. ఈ తతంగమంతా ముగిసేసరికి కారు ఆ బోర్డు కిందనే ఉంటుంది.

నిజానికి తమరి మీద దావా వేద్దామనుకున్నాను. తీరా చూస్తే మా 'కట్టడం' అడ్డుతగిలింది. కట్టే పనీ అదే, కట్టిన భవనమూ అదే. 'అల్లిక' కూడా అంతే. దావా నడిస్తే మా 'డం' రెండో ముద్దాయిగా బోనెక్కాల్సి వస్తుందని విరమించుకున్నాను.

ఇట్లు,
తమరు లేనిదే ఒక్క పూట గడవని
ఒక తెలుగువాడు

తా.క.: ఈ ఉత్తరం చేతిలో పెడుతూ మా అబ్బాయితో "పోస్టింగ్" అన్నాను. పిట్టగోడ అవతల పేపరు చదువుకుంటున్న పక్కింటి పెద్దాయన లేచి వచ్చి, "శుభం! ఏ జిల్లాకు వేశారు?" అని అడిగారు.