ల్యాప్‌టాప్‌కి స్టాపింగ్ కట్టిన మా మామయ్య

మే నెలలో అత్తారింటికి పోతే మామిడిపళ్లు పెడతారన్నది నిజమే. కానీ ఆ అత్తారిల్లు బల్లార్షాలో ఉండి, మనది వర్క్ ఫ్రమ్ హోమ్ అయితే, పళ్లతో పాటు మనమూ మగ్గిపోతాం. మహారాష్ట్రలోని ఆ చంద్రపూర్ జిల్లా ఎండ గురించి చెప్పేదేముంది. 45 దాటిన రోజున కూడా ఇక్కడివాళ్లు "ఇయ్యాల జర ఎండ ఉంది" అనేసి, తువ్వాల నెత్తికి చుట్టుకుని బజారుకు పోతూనే ఉంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, కూలర్లో నీళ్లు అయిపోయిన వేళకి మాత్రం నోటికి ఏది వస్తే అది.

మా మామయ్య బొగ్గు గనిలో గాలి సంగతి చూసి రిటైరైన మనిషి. మంచి గాలి లోపలికి పోయే దారి ఇన్‌టేక్, వేడెక్కిన గాలి బయటికొచ్చే దారి రిటర్న్, ఈ రెండూ సరిగ్గా ఉంటే ప్రపంచంలో ఇంక ఏ సమస్యా ఉండదని ఆయన నమ్మకం. గని లోపల వెట్ బల్బ్, అంటే గాలిలో తేమని కూడా కలిపి చూసే వేడి, 33.5 డిగ్రీలు దాటకూడదన్న రూలు ఆయనకి మనవడి పుట్టినరోజు కన్నా బాగా గుర్తు. పెళ్లిచూపులప్పుడు కూడా నా జీతం తర్వాత అడిగారు, ముందు మీ ఇంట్లో కిటికీలు ఎదురెదురుగా ఉన్నాయా అని అడిగారు.

ఇంక నా పాట్లు. మీటింగ్ ఉంటే కూలర్ ఆపాలి, దాని రొదకి అవతలివాళ్లకి నా మాట వినపడదు. కూలర్ ఆపితే గది కాసేపట్లో 40కి పోతుంది. గది 40కి పోతే ల్యాప్‌టాప్ ఫ్యాన్ అందుకుంటుంది, ఆపేసిన కూలరే నయమనిపించేలా. ఒకసారైతే మా టీంలో తెలుగాయన స్పీకర్లో "ఏంటండీ, మీ దగ్గర వానా?" అన్నాడు. వంటింట్లోంచి ఆ ఒక్క ముక్క విన్న అత్తమ్మ, డాబా మీద ఆరబెట్టిన చల్ల మిరపకాయల కోసం చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. ఆ గచ్చు మీద ఆమె చేసిన డాన్స్ గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదని ఆర్డర్.

స్క్రీన్ మూలన ప్రాసెసర్ వేడి చూపించే చిన్న అంకె ఒకటి పెట్టుకున్నాను. ఖాళీగా ఉంటే 60 దగ్గర, పని చేస్తుంటే 90 దగ్గర తిరుగుతుంటుంది. అందులో కంగారు పడాల్సింది లేదు. చల్లటి గదిలో అయితే ఖాళీగా ఉన్న ల్యాప్‌టాప్ 40, 50 మధ్య ఉంటుంది, ఫ్యాన్ ఊదేది గదిలో ఉన్న గాలినే కాబట్టి గది ఎంత కాలితే లోపల కూడా అంత పైకి పోతుంది. గట్టి పని పడ్డప్పుడు 80, 90 మామూలే. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకి హద్దు 100 డిగ్రీలు, ఏఎండీ వాళ్ల చాలా రైజెన్ ప్రాసెసర్లకి 95. ఆ హద్దు దగ్గరికి రాగానే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, అయినా వినకపోతే టక్కున ఆగిపోతుంది. అసలు తయారుచేసేవాళ్లు చాలా మోడళ్లకి 35 డిగ్రీల గది వరకే వాడమని రాస్తారు, బల్లార్షాలో ఆ లెక్కన ల్యాప్‌టాప్‌ని సంక్రాంతికే తెరవాలి.

ఇదంతా నాకు తెలుసు. మామయ్యకి తెలిసింది వేరు.

ఆ రోజు ఒక పెద్ద ఫైలు పని మీద పెట్టి భోజనానికి లేచాను. మామయ్య అటుగా వచ్చారు. కూత విన్నారు. మూలన 92 చూశారు. మా ఆవిడ అప్పుడు అక్కడే ఉంది కాబట్టి మిగతాది ఆమె చెప్పిన ప్రకారం రాస్తున్నాను. ముందు దేవుడి గదిలోంచి ఒక అగరొత్తి తెచ్చి వెలిగించారట. ల్యాప్‌టాప్ ఒక వైపు కొంచెం ఎత్తి, అడుగున ఉన్న జాలీ దగ్గర పెడితే పొగ సన్నగా లోపలికి లాగిందట. "ఇది ఇన్‌టేక్." పక్కన ఉన్న సందు దగ్గర పెడితే పొగ బయటికి చెదిరిందట, కానీ నీరసంగా. "రిటర్న్ చోక్ అయ్యింది. లోపల రాజుకుంది." ఇంతవరకూ ఏ సర్వీస్ సెంటర్ కుర్రాడూ అంత పద్ధతిగా చూడడు, ఒప్పుకోవాలి.

తేడా వచ్చింది ఆ తర్వాతే. గనిలో తవ్వి వదిలేసిన పాత చోట్ల బొగ్గు దానంతటదే రాజుకుంటే ఏం చేస్తారు? లోపలికి గాలి పోయే దారులన్నీ ఇటుక గోడలతో మూసేస్తారు, దాన్ని స్టాపింగ్ కట్టడం అంటారు. గాలి అందకపోతే మంట చచ్చిపోతుంది. ఇంట్లో ఇటుకలు లేవు, కరెంటు పనికి వాడే నల్ల టేపు ఉంది. అడుగున జాలీ మొత్తం రెండు పొరలు, పక్క సందుకి ఇంకో పొర, అంచులు గోటితో గట్టిగా రుద్ది మరీ. "బాపూ, అట్ల చేస్తే..." అని మా ఆవిడ అనబోతే, "నువ్వు జరుగు బిడ్డా, మనుషులు దూరముండాలె" అన్నారట.

నేను పెరుగన్నం తిని, చేయి కడుక్కుని, నేరుగా వచ్చి మీటింగ్‌లో కూర్చున్నాను. అడుగున ఏముందో ఎవరు చూస్తారు? ఫ్యాన్ కూత గొంతు మారింది, ఏదో మూటలోంచి ఏడుస్తున్నట్టు వచ్చింది. అంకె 97, 99, 100. నేను కొట్టిన అక్షరాలు ఒక్కోటీ ఆలోచించుకుని స్క్రీన్ మీదికి రావడం మొదలెట్టాయి. "ఆ లెక్క ఇప్పుడే చూపిస్తాను" అని నేను క్లయింట్‌కి చెప్పడం, స్క్రీన్ నల్లగా మారడం ఒకేసారి జరిగాయి.

ఆ నిశ్శబ్దం విని మామయ్య గుమ్మంలోకొచ్చారు. మొహంలో ఎంత తృప్తో.

"ఆరిపోయిందా బాబూ?"

"ఆరిపోయింది మామయ్యా."

"మంచిగయింది. నాలుగు రోజులదాకా తెరవద్దు. మళ్లీ గాలి తగిలితే అంటుకుంటది."

అయ్యా, దీన్లో మంట లేదు, కరెంటు వల్ల పుట్టే వేడి, దానికి గాలే మందు, ఫ్యాన్ కూత పెడుతోందంటే పని చేస్తోందనే అర్థం, వేడెక్కినా కిక్కురుమనకపోతేనో, గరగర రాపిడి శబ్దం వస్తేనో అప్పుడు భయపడాలి అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన విన్నారు. విని, "మరి రిటర్న్ ఎందుకు చోక్ అయ్యింది?" అన్నారు.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. స్క్రూలు విప్పి అడుగు రేకు తీశాం. ఫ్యాన్‌కీ, రాగి గొట్టం చివరున్న సన్నటి రేకులకీ మధ్యలో దుమ్ము పేరుకుని బూడిద రంగు కంబళి ముక్కలా పరుచుకుని ఉంది, అందులో అత్తమ్మ చీర పోగు ఒకటి కూడా. మామయ్య దాన్ని చిమటాతో అంచు పట్టి, చిరగకుండా, ఒకే ముక్కగా బయటికి లాగారు. మిగిలింది చిన్న రంగుల బ్రష్‌తో దులిపాం, గాలి ఊదేటప్పుడు ఫ్యాన్ అడ్డదిడ్డంగా తిరగకుండా రెక్కల మధ్య పుల్ల పెట్టి. టేపు జిగురు మాత్రం ఇప్పటికీ వదల్లేదు, ల్యాప్‌టాప్ ఎత్తితే దాంతో పాటు టేబుల్ గుడ్డ కూడా లేస్తుంది. కానీ అదే పనికి 92 చూపించింది కాస్తా 80 దగ్గర ఆగింది. కూత కూడా తగ్గింది.

క్లయింట్‌కి మా ఊళ్లో కరెంటు పోయిందని చెప్పాను. రాష్ట్రానికి కరెంటు పంపే పెద్ద థర్మల్ స్టేషన్ పక్కనే చంద్రపూర్‌లో ఉందని ఆయనకి తెలియదు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు మామయ్య ఒక పాత డైరీ తీసి, షిఫ్టుకోసారి వచ్చి రాసుకుంటున్నారు. నిన్నటి పేజీ మా ఆవిడ ఫోటో తీసి పంపింది: "మధ్యాహ్నం. గది 39. మిషన్ 78. ఇన్‌టేక్ క్లియర్. రిటర్న్ బాగుంది. పని స్థలంలో ఒకరు నిద్రపోతూ కనిపించారు, హెచ్చరించడమైనది."