జైళ్ల సలహా కమిటీకి ఖర్చు పెట్టే ముందు ఒక్క మాట

చిత్తూరు కోర్టు దగ్గర నాకు జిరాక్స్ షాపుంది. పదిహేనేళ్లుగా ఇదే పని. మొన్న సాయంత్రం షాపు ముందు ఇద్దరు గట్టిగా వాదించుకున్నారు. రాష్ట్రంలోని జైళ్ల మీద ఒక సలహా కమిటీ వేయాలని ఒకాయన అంటే, దొంగలక్కూడా కమిటీలా, ఆ ఖర్చంతా ఎవడు కట్టాలని ఇంకొకాయన. నీ అభిప్రాయం చెప్పు అన్నారు నన్ను. అప్పుడు గిరాకీ ఉండి చెప్పలేకపోయాను. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది.

ముందు ఖర్చు దండగ అన్నాయనకు. జైల్లో ఉన్నవాళ్లంతా దొంగలు కాదన్నా. 2022 చివరి లెక్కల్లో దేశం మొత్తం జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి 75 మందికి పైగా. వాళ్ల మీద నేరం ఇంకా రుజువే కాలేదు. మన వైపే చూడండి. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ అధికారులను చంపేశారు. ఆ కేసులో తమిళనాడు కూలీలను వందల్లో పట్టుకున్నారు. 2016లో తిరుపతి కోర్టు కేసు కొట్టేసింది. చనిపోయిన అధికారుల ఇళ్లలో వాళ్లకు న్యాయం దక్కలేదు, ఆ కూలీల్లో చాలామందికి రెండేళ్ల బతుకు జైల్లోనే పోయింది. ఆ రెండేళ్లూ వాళ్లకు తిండి పెట్టింది మన పన్నుల డబ్బే.

ఇక కమిటీ కావాలన్నాయన. ఆయన మనసు మంచిదే. కానీ కమిటీలకు మనకేం కరువు? 1980లో జస్టిస్ ముల్లా కమిటీ వేస్తే మూడేళ్లు తిరిగి 1983లో పెద్ద నివేదిక ఇచ్చింది. ఆడ ఖైదీల మీద జస్టిస్ కృష్ణయ్యర్ కమిటీ 1987లో ఇచ్చింది. 2018లో సుప్రీంకోర్టే జస్టిస్ అమితవ రాయ్ కమిటీని వేసింది. జైళ్లు కిక్కిరిసిపోతున్నాయి, విచారణ ఖైదీలను తగ్గించండి అన్న మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మళ్లీ ఒక చైర్మన్, ఆయనకు గౌరవ వేతనం, కారు, డ్రైవరు, ఆఫీసు, స్టాఫు, జైలు జైలుకూ తిరగడానికి టీఏ డీఏలు, చివర్లో నివేదిక ప్రింటింగు. ఇదంతా అయ్యాక వాళ్లు చెప్పబోయేది నాకు ఇప్పుడే తెలుసు. నా షాపులో రోజూ కనబడుతుంది కాబట్టి.

ఈ మధ్య తమిళనాడులోని జవ్వాదు కొండల వైపు నుంచి ఒకమ్మ వచ్చింది. ఎర్రచందనం కేసులో ఆమె మొగుడు లోపలున్నాడు. పసుపు వాసన కొట్టే ప్లాస్టిక్ కవరులోంచి బెయిలు ఆర్డరు తీసి ఇచ్చింది. ఎన్నిసార్లు విప్పి మడిచిందో, మడత దగ్గర కాగితం అరిగిపోయి, కాపీ తీస్తే సరిగ్గా అతని పేరు మీద తెల్లటి గీత పడింది. గాజు తుడిచి మళ్లీ తీశాను. మళ్లీ అదే గీత. తేదీ చూస్తే బెయిలొచ్చి నెల దాటింది! తలా 10,000 రూపాయలకు ఇద్దరు జామీనుదారులు, అంటే అతను వాయిదాలకు వస్తాడని పూచీ పడేవాళ్లు కావాలి. ఇక్కడివాళ్లే కావాలని ఎవరో చెప్పారట. చిత్తూరులో ఆమెకు తెలిసిన మనిషి ఎవరున్నారు? "అణ్ణా, జడ్జి వదిలెయ్యమన్నారు గదా, మళ్లీ ఎందుకు వదల్లే?" అని అడిగింది. తమిళం నాకూ వచ్చు గానీ జవాబు ఏ భాషలోనూ రాలేదు.

ఇంటికెళ్లి నాకు తెలిసిన లాయరుగారికి ఫోన్ చేస్తే ఆయన చెప్పింది విని నాకు కోపమొచ్చింది. 1978లోనే మోతీరామ్ అనే తాపీ మేస్త్రీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట, జామీనుదారు వేరే జిల్లావాడని కాదనడం తప్పని. 2023 జనవరిలో ఇంకా స్పష్టంగా చెప్పింది. బెయిలొచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ (పేదలకు ఉచితంగా న్యాయసాయం చేసే సంస్థ) కార్యదర్శికి తెలియజేయాలి. నెలలో జామీను పెట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే సంగతి చూడొచ్చు. జామీను సొమ్ము కట్టలేని పేద ఖైదీకి మొదట్లో 40,000 రూపాయల దాకా ఇచ్చేలా కేంద్ర పథకం కూడా 2023లోనే వచ్చింది. వీటిలో ఒక్కటీ ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అన్నిటికంటే ముఖ్యం, కమిటీ ఇప్పటికే ఉంది. ప్రతి జిల్లాలో విచారణ ఖైదీల సమీక్ష కమిటీ. జిల్లా జడ్జి, కలెక్టర్, ఎస్పీ, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు సూపరింటెండెంటు అందులో కూర్చుంటారు. బెయిలొచ్చీ జామీను లేక ఆగిపోయిన వాళ్ల పేర్లు చూడటం దాని పనుల్లో ఒకటి. వాళ్లందరికీ జీతాలు ఎలాగూ వస్తున్నాయి, దీనికోసం కొత్త కారు అక్కర్లేదు. బయటి మనుషుల కన్ను పడాలంటారా, నిజమే, పడాలి. దానికి జైలు మాన్యువల్లో సందర్శకుల బోర్డుంది, అందులో అధికారులు కానివాళ్లను కూడా వేయొచ్చు.

కొత్త కమిటీకి ఏడాదికి 40 లక్షలు అనుకోండి, ఊరికే లెక్క కోసం. తలా 40,000 రూపాయల చొప్పున చూసినా అది 100 మంది జామీను. వాళ్లలో చాలామందికి అంత అవసరం పడకపోవచ్చు. ఆ డబ్బులో కొంచెం పెట్టి చిత్తూరు జైలుకు వారానికి రెండు రోజులు తమిళం వచ్చిన పారా లీగల్ వాలంటీరును, అంటే చట్టం సంగతులు చెప్పి సాయపడే మనిషిని పంపండి చాలు. ఖైదీని వాయిదాకు కోర్టుకు తీసుకెళ్లే పోలీసు ఎస్కార్టు దొరకలేదని ఆపకుండా కానిస్టేబుళ్లను ఇవ్వండి.

ఆ అమ్మకు లాయరుగారి నంబరిచ్చి పంపాను. కాపీలకు డబ్బులిస్తుంటే తీసుకోలేదు. మళ్లీ రాలేదు, అతను బయటికొచ్చాడో లేదో తెలియదు, అదొక టెన్షన్ నాకు. ఇది చదువుతున్న చిత్తూరు, తిరుపతి లాయర్లను ఒక్కటే అడుగుతున్నాను. వచ్చే సమీక్ష మీటింగు ఎప్పుడో కనుక్కోండి. బెయిలొచ్చి నెల దాటినా లోపలే ఉన్నవాళ్లు ఎంతమందో అడిగి, ఆ సంఖ్య ఇక్కడ కామెంట్లో పెట్టండి.