కారే చుక్క గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ఇంజన్ ఆయిల్ చుక్క గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. పొద్దున్నే మా కారు కింద పరిచిన అట్టముక్క మీద దర్శనమిచ్చారు, నిన్నటికన్నా కాస్త ఒళ్లు కూడా చేశారు.

కారు అన్నది ఇంగ్లీషు మాట అని చిన్నప్పుడు బళ్లో చెప్పారు. అది అబద్ధమని మీ పరిచయం అయ్యాక తెలిసింది. కారుతుంది కాబట్టి కారు. అచ్చ తెలుగు మాట. ఇప్పుడొచ్చే కొత్త బళ్లకు ఆ పేరు ఎలా చెల్లుతుందో నాకర్థం కాదు. వాటి కింద ఎప్పుడు చూసినా నేల పొడిగా, అనుమానం కలిగించేలా ఉంటుంది.

మాది 1967 నాటి స్పోర్ట్స్ కారు. సీట్లు రెండే. పైన మడిచే గుడ్డ టాప్, లోపల పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే కార్బ్యురేటర్లు రెండు, నాలుగు గేర్లు. అందులో మొదటి గేరుకి సింక్రోమెష్, అంటే గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు, లేదు. కంపెనీ పేరు మాత్రం చెప్పను, ఇంటి గుట్టు బయటపెట్టే అలవాటు లేదు. కొనేముందు నేను చూసినవి ఆ పొడవాటి బానెట్, క్రోమ్ బంపర్లు, చెక్క స్టీరింగు. అమ్మినాయన చూపించనిది మిమ్మల్ని. నేను వెళ్లేసరికి నేలంతా కడిగి, ఆరబెట్టి, బండిని ఓ రెండడుగులు ముందుకు జరిపి ఉంచాడు. ఎందుకు జరిపాడో అడగాలని కూడా తట్టలేదు. ప్రేమలో ఉన్నవాడికి నేల కనిపిస్తుందా?

ఆనాటి నుంచి నా దినచర్య మారిపోయింది. పళ్లు తోముకోకముందే టార్చిలైటు పట్టుకుని నేలమీద బోర్లా పడుకుంటాను. కింద పడ్డది చూసి పైన జబ్బేమిటో చెప్పే విద్య ఒకటి అబ్బింది. బంగారు రంగు నుంచి నల్లరంగు దాకా ఏ ఛాయలో ఉన్నా అది మీరే. చిక్కగా ఉండి, ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం కంపు కొడితే గేర్‌బాక్సు ఆయిల్. ఆకుపచ్చగా, కాస్త జిగటగా ఉంటే రేడియేటర్ నీళ్లు. చక్రం దగ్గర దాదాపు రంగు లేకుండా జారుడుగా ఏదైనా కనిపిస్తే అది బ్రేక్ ఆయిల్. ఆ రోజు బండి గేటు దాటదు. పైగా ఆ మహాతల్లి పెయింట్ మీద పడితే పెయింట్ కూడా ఊడొస్తుంది. పెట్రోలు మరక మిగల్చదు, దానికి ముక్కే సాక్షి. ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక పాతకాలం రబ్బరు పైపుల పని అయిపోయింది. అవన్నీ మార్చేదాకా గరాజులో ఊపిరి పీల్చాలంటేనే భయంగా ఉండేది.

వీళ్లందరిలోకీ క్రమశిక్షణ ఉన్నది మీకే. వేళకొస్తారు, ఒకే చోట పడతారు.

మీ పుట్టుపూర్వోత్తరాలు తెలిశాక మీ మీద కోపం సగం తగ్గిపోయింది. మా ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు, అదే క్రాంక్ షాఫ్ట్, దాని వెనక చివర ఆయిల్‌ని ఆపే రబ్బరు సీలు లేనే లేదు. షాఫ్ట్ మీద మర చుట్టులాంటి గాడి ఒకటి చెక్కారు. షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ ఆ గాడి ఆయిల్‌ని లోపలికి తోస్తూ ఉంటుంది. ఇంజన్ ఆపితే తోసేవాడెవడు? అటూ ఇటూ అంటుకుని మిగిలిన ఆయిల్ నింపాదిగా బయటికి నడుచుకుంటూ వస్తుంది. అంటే బండి నడుస్తుంటే మీరు రారు, నిలబెడితేనే వస్తారు. నేను రిపేరు అనుకున్నది వాళ్ల డిజైనే.

ఇంకో విచిత్రం చెప్పనా? మీకు తెలిసిందేలెండి, చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఉండే బెల్ హౌసింగ్ అడుగున చిన్న కన్నం ఉంటుంది. ఆ కన్నంలో ఒక స్ప్లిట్ పిన్ను, అంటే రెండు కాళ్ల తీగ పిన్ను, వదులుగా వేలాడుతుంటుంది. మొదట్లో అది దేన్నుంచో ఊడిపోయిన ముక్క అనుకుని నానా కంగారు పడ్డాను. కాదట. బండి అదురుకి ఆ పిన్ను ఊగుతూ కన్నంలో మడ్డి పేరుకోకుండా చూస్తుంది. అంటే మీరొస్తారని వాళ్లకి ముందే తెలుసు. మీకోసం గుమ్మం పెట్టి, గుమ్మానికి గంట కూడా కట్టారు.

ఇంత మర్యాద చేసినవాళ్ల పని నేను చెడగొట్టాలని చూశాను. అందుకు క్షమించాలి. మొన్న ఏడాది మెకానిక్ దగ్గరికి వెళ్లి "ఈ లీకు సంగతి తేల్చాల్సిందే" అన్నాను. షాఫ్ట్ మీది గాడిని అరగదీయించి రబ్బరు సీలు పెట్టే పద్ధతి ఒకటి ఉందన్నాడాయన. అరవై ఏళ్ల నాటి క్రాంక్ షాఫ్ట్‌ని గ్రైండింగుకి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. సరే, గాడి చుట్టూ ఉండే సందు సరిచేసి, ప్యాకింగులన్నీ మారుద్దాం అనుకున్నాం. రెండు వారాల పని.

ఇంజన్ దించారు. ఆ బరువు పోయేసరికి బండి ముందు భాగం జానెడు పైకి లేచింది. అలా మూతి ఆకాశానికి ఎత్తి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడింది. ఆ చూపు ఐదు నెలలు అలాగే ఉంది. ఎందుకంటారా? మెకానిక్ ఒక మాట అన్నాడు.

"సార్, ఇంజన్ ఎలాగూ దించాం కదా, క్లచ్ ప్లేట్ కూడా వేసేద్దాం."

పాత కారు ఉన్నవాళ్ల కొంప ముంచే మాట ఇదే, 'ఎలాగూ'. క్లచ్ ఎలాగూ విప్పాం కదా, బేరింగ్ మారుద్దాం. బేరింగ్ మార్చాం కదా, ఇంజన్ మౌంటింగులు మార్చకపోతే ఎలా? ఇంజన్ ఎలాగూ లేదు కదా, ఆ ఖాళీ జాగాకి రంగు కొట్టేద్దాం. రంగు కొట్టాలంటే వైర్లు తీయాలి. వైర్లు తీశాక చూస్తే సగం వైర్ల మీద తొడుగే లేదు. అప్పటికి మీ పేరు ఎత్తేవాడే లేడు. నేనొకరోజు "ఆయిల్ లీకు..." అని నసిగితే, ఈయన అసలు సంగతి వదిలేసి ఇంకేదో మాట్లాడుతున్నాడేమిటి అన్నట్టు చూశారు అందరూ.

బండి ఇంటికొచ్చింది. మొదటి రోజు అట్ట పొడిగా ఉంది. రెండో రోజూ అంతే. పండగ చేసుకోవాల్సింది పోయి నాకు టెన్షన్ పట్టుకుంది. ఆయిల్ కారడం లేదంటే అసలు లోపల ఆయిల్ ఉందా? ఆయిల్ మట్టం కొలిచే పుల్ల, డిప్‌స్టిక్, తీసి తుడిచి చూశాను. ఉంది. గంట తర్వాత మళ్లీ చూశాను. మూడో రోజు రాత్రి రెండింటికి లేచి టార్చి పట్టుకుని వెళ్లొచ్చాను. ఆయిల్ ఎటో వెళ్లే ఉంటుంది, నాకు కనపడని చోటికి, క్లచ్ ప్లేట్ మీదికే వెళ్తోందేమోనని ఒకటే దిగులు.

నాలుగో రోజు పొద్దున మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"ఏమండీ, వచ్చిందా?"

"వచ్చింది."

"హమ్మయ్య. ఇకనైనా పడుకోండి."

అదే కన్నం, అదే పిన్ను, అట్ట మీద అదే చోటు. రామేశ్వరం పోయినా శనేశ్వరం తప్పలేదని అంటారు గానీ, తప్పిపోయిన శనేశ్వరం తిరిగొస్తే కలిగే నిశ్చింత గురించి ఎవరూ చెప్పరు.

మీ జాతిలో అందరికీ ఇంత ఆదరణ దొరకలేదని కూడా చెప్పాలి. పాతకాలం పోర్షె 911 స్పోర్ట్స్ కార్లలో ఆయిల్‌కి వేరే ట్యాంకు ఉండేది. 1972 మోడల్‌లో ఆ ట్యాంకు మూత బండి బయట, కుడి తలుపు వెనకే పెట్టారు. బంకుల్లో పనిచేసేవాళ్లు అది పెట్రోలు మూత అనుకుని అందులో పెట్రోలు పోశారట. మరుసటి ఏడాదికి ఆ మూత మాయం. 1989లో జపాన్ కంపెనీ మాజ్డా వాళ్లు ఎంఎక్స్-5 అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. పాతకాలం ఇంగ్లీషు రెండు సీట్ల బళ్లలో ఉన్న సరదాలన్నీ తీసుకున్నారు, తేలిక బరువు, వెనక చక్రాలకు పవరు, చేత్తో మడిచే టాపు. మిమ్మల్ని ఒక్కరినే పిలవలేదు. 2016 నాటికి అలాంటివి పది లక్షలు తయారుచేశారు. ఆ బళ్లున్నవాళ్లకి ఆదివారం పొద్దున ఏం చేయాలో తోచదు. ఊరికే ఎక్కి నడుపుతుంటారు, పాపం.

నేను అలా కాదు. డైరీ తీసి చూశాను. పోయిన ఏడాది మా బండి తిరిగింది 412 కిలోమీటర్లు. అందులో సగం మెకానిక్ దగ్గరికి వెళ్లి రావడమే. మిగిలినదాంట్లో చాలా భాగం పాత కార్ల వాళ్లు కలిసే చోటికి. అక్కడ బళ్లు వరసగా నిలబెట్టి బానెట్లు ఎత్తుతాం. చేతులు వెనక్కి కట్టుకుని ఒకరి ఇంజన్‌లోకి ఒకరు తొంగిచూస్తాం. "ఈ హోస్ క్లిప్ ఒరిజినలేనా?" అని ఒకాయన అడిగితే, అది కాదని తెలిసిన ఇంకొకాయన మర్యాదగా దగ్గుతాడు. అంతసేపూ ప్రతి బండి కిందా మీ చుట్టపక్కాలు ఒక్కొక్కరే దిగుతుంటారు. ఎవరూ కిందికి చూడరు. సభామర్యాద.

1961 మార్చిలో జెనీవా కార్ల షోలో జాగ్వార్ ఈ-టైప్ స్పోర్ట్స్ కారుని మొదటిసారి చూపించినప్పుడు జనం ఎగబడ్డారు. ఉన్న బళ్లు చాలక ఇంకోటి పంపమని కబురొచ్చింది. కంపెనీ టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో రాత్రి బయల్దేరి, మర్నాడు పొద్దున జెనీవాలో దించాడు. ఆ రాత్రి ఆ బండి కింద అట్టముక్క పరిచే తీరిక ఎవరికీ ఉండి ఉండదు. నేనైతే బయల్దేరే ముందు దాన్ని వారం రోజులు తుడిచేవాణ్ని, షో కాస్తా అయిపోయేది.

పోయిన ఆదివారం ఏం పుట్టిందో, చీకటి ఉండగానే కవరు తీసేశాను. తాళం తిప్పగానే పెట్రోలు పంపు టకటకమని, కార్బ్యురేటర్లు నిండాక ఆగింది. చోక్ లాగి స్టార్ట్ చేస్తే మొదట రెండు సిలిండర్లు, తర్వాత మూడు, కాసేపటికి నాలుగోది కూడా ఆవలిస్తూ లేచింది. మలుపు దగ్గర మొదటి గేరుకి దిగాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ ఒక గుద్దు, మళ్లీ క్లచ్ తొక్కి గేరు. సరిగ్గా పడితే వెన్నలో కత్తి దిగినట్టు ఉంటుంది. సరిగ్గా పడకపోతే వీధంతా నిద్రలేస్తుంది. ఆ రోజు పడింది. అరవైలో వెళ్తుంటే నూటిరవైలో ఉన్నట్టు, లారీ చక్రం బోల్టులు నా చెవి ఎత్తులో తిరుగుతూ, ఇంజన్ వేడి పాదాలకు తగులుతూ, తల మీద ఆకాశం తప్ప ఏమీ లేకుండా నూట నలభై కిలోమీటర్లు. ఒక చెట్టు కింద ఆపాను.

దిగీ దిగగానే అలవాటు కొద్దీ బోర్లా పడుకున్నాను. నేల పొడిగా ఉంది. పిన్ను చివర తడి మెరుస్తోంది గానీ చుక్క లేదు. పది నిమిషాలు అయింది. అటుగా పోతున్న ఒకాయన సైకిల్ ఆపి "ఏమైనా పడిపోయిందా బాబూ?" అని అడిగాడు. "ఇంకా లేదండీ" అన్నాను. ఇరవై నిమిషాలకు మీరు పిన్ను చివర గుండ్రంగా చేరి, కాసేపు ఊగి, టపుక్కున పడ్డారు. అంతసేపు నిలబెట్టాను కాబట్టి పడ్డారు. లేచి, దుమ్ము దులుపుకోకుండానే మళ్లీ స్టార్ట్ చేశాను.

అందుచేత మీతో సంధి చేసుకుంటున్నాను. ఇకపై ఇంజన్ దించను. అట్టముక్క స్థానంలో మంచి రేకు ట్రే పెడతాను. డిక్కీలో మీకోసం 20డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిల్ డబ్బా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఈ ఆదివారం కూడా బయల్దేరుతున్నాం, ఎటో ఇంకా అనుకోలేదు. మెకానిక్ దగ్గరికి మాత్రం కాదు.

ఇట్లు,
తమ విధేయుడు,
అట్టముక్క యజమాని

తా.క.: ఉత్తరం ముగించి ట్రే పెడదామని వెళ్లాను. అట్ట మీద మీ పక్కనే ఇంకొకరు వచ్చి కూర్చున్నారు. ఆకుపచ్చగా, కాస్త జిగటగా ఉన్నారు. మీ చుట్టాలా?