సారు బండికి ఖాకీ సారథి

మొన్న పొద్దున ఏడున్నరకి తిరుపతి మార్కెట్ బయట ఒక తెల్ల కారు ఆగింది. ముందు అద్దం మీద 'ప్రభుత్వ వాహనం' అని ఎర్రక్షరాలు, వెనక కిటికీలోంచి జానెడు బయటికొచ్చిన మునక్కాయలు. నడిపేది కానిస్టేబుల్. యూనిఫాం వేసుకోలేదు గానీ ఆ క్రాఫు, ఆ బూట్లు దాచినా దాగవు కదా. ఫోన్లో ఆఫీసరు సారు గారి మేడమ్ చెబుతుంటే కొత్తిమీర కట్టను ముక్కు దగ్గర పెట్టుకుని మరీ పరిశీలిస్తున్నాడు, క్లూస్ టీమ్ వాళ్ళు వేలిముద్ర చూసినంత శ్రద్ధగా.

నాకైతే కడుపు నిండిపోయింది. ట్రైనింగంతా వృథా అయిపోతోందని జనం ఊరికే ఏడుస్తారు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తి సెలెక్టయిన మనిషండీ ఆయన! సారు పిల్లోడు మర్చిపోయిన టిఫిన్ బాక్సు పట్టుకుని బెల్లు కొట్టేలోపు స్కూలు గేటు దాకా ఉరకడం మామూలు డ్రైవర్ల వల్ల అవుతుందా? లాంగ్ జంప్ ఎందుకు పెట్టారో నాకు ఇన్నాళ్ళూ అర్థం కాలేదు, వాన వెలిశాక మా వీధి చూస్తే అర్థమైంది. ఆ నీళ్ళగుంట దాటి సారు వైపు డోరు తీయాలంటే 3.80 మీటర్లు దూకడం వచ్చి తీరాలి. కళ్యాణీ డ్యామ్ దగ్గరి పోలీసు ట్రైనింగ్ కాలేజీలో చప్పుడు కాకుండా డోరు వేయడం కూడా నేర్పించేస్తే ఇక సిలబస్‌లో లోటుండదు.

(డ్రైవర్ పోస్టుకే వచ్చి పోలీసు బండ్లు నడిపేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళ ఉద్యోగమే అది. నా గౌరవమంతా దొంగల్ని పట్టుకుందామని వచ్చి స్టీరింగ్ పట్టినవాళ్ళ మీద.)

అసలు కష్టం కొండెక్కేటప్పుడు ఉంటుంది. ఘాట్ రోడ్డులో ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40, అంతకంటే ముందొస్తే తప్పు. సారుకేమో దర్శనం టైమ్ ముంచుకొస్తుంటుంది, వెనక సీట్లోంచి "కానీ, కానీ" అని ఒకటే తొందర. పాపం ఆయనకున్నది ఒక్క కుడికాలు, యాక్సిలేటర్ సారుది, బ్రేకు చట్టానిది. బండిని ఆపాల్సినవాడే నడుపుతుంటే ఇంకెవరు ఆపుతారు?

చిత్తూరు దాటితే తమిళనాడే. అక్కడ ఆర్డర్లీ వ్యవస్థను, అంటే పోలీసుల్ని ఆఫీసర్ల ఇంటి పనులకి వాడుకోవడాన్ని, 1979లోనే జీవో ఇచ్చి రద్దు చేశారు. దాన్ని అమలు చేయండయ్యా అని మద్రాస్ హైకోర్టు 2022లో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. నలభై మూడేళ్ళు! ఆ జీవో కూడా ఘాట్ రోడ్డు రూల్ ప్రకారమే నిదానంగా దిగుతున్నట్టుంది.

ఇంతకీ నా బైకు పోయి మూడు వారాలైంది. కంప్లయింట్ ఇవ్వబోతే "స్టాఫ్ లేరు సామీ" అన్నారు. స్టాఫ్ మార్కెట్లో కనబడ్డారు కదా అని అక్కడే చెప్పుకున్నా. పాపం మంచోడు, శ్రద్ధగా విన్నాడు.

"నంబరు రాసియ్యి సామీ, మేడమ్‌ని బ్యూటీ పార్లర్ దగ్గర దించినాక చూస్తా" అని కారులోంచి ఒక మునక్కాయ లాగి నా చేతిలో పెట్టాడు. "ముందు ఇది ముదురో లేతో చెప్పు. నిన్న ముదురివి తెచ్చినానని మెమో ఒక్కటే తక్కువ."