ధర్మకర్తను లెక్కలడగరాదు

మా గోదావరి డెల్టాలో ఈమధ్య ఒక చెడ్డ అలవాటు ప్రబలుతోంది. ఆదివారం ఆశీర్వాదం అయ్యాక బుద్ధిగా ఇంటికెళ్లి కోడికూర తినాల్సిన కుర్రాళ్లు, చర్చి ట్రస్టీలను మెట్ల మీదే ఆపి "పోయినేడు లెక్కలు ఎప్పుడు చదువుతారండీ?" అంటున్నారు. తల్లి గల్ఫ్ నుంచి పంపిన డబ్బుతో పిల్లాడు బీకాం చదివితే ఇలాగే ఉంటుంది. ట్రస్టీల పక్షాన మాట్లాడేవాళ్లు లేరు గనుక నేను పూనుకున్నాను.

కోతకాలపు పండుగే తీసుకోండి. గుమ్మడికాయ వేలం. ట్రస్టు ప్రెసిడెంటు గారు ఐదు వేలకు పాడారు. మైకులో పేరు మూడుసార్లు చెప్పారు, చప్పట్లు మోగాయి. సాయంత్రానికి గుమ్మడికాయ వారింటికి చేరింది. ఐదు వేలు మాత్రం పుస్తకంలో 'రావలసినవి' కిందే ఉంది. తప్పేముంది? యేసు రెండవ రాకడ కోసం రెండు వేల ఏళ్లుగా ఎదురుచూస్తున్న సంఘం ఐదు వేల రాకడ కోసం ఒక్క ఏడాది ఆగలేదా?

ఆదాయపు పన్ను చట్టం ఇంకో చిక్కు. ట్రస్టు ఆస్తి వల్ల ట్రస్టీకి గానీ, ఆయన బంధువులకు గానీ లాభం చేకూరితే ఆ మేరకు పన్ను మినహాయింపు పోతుందట. రాసినవాళ్లకు మా వైపు చుట్టరికాలు తెలియవు. ట్రస్టీకి బంధువు కానివాణ్ణి వెతకాలంటే గోదావరి దాటాలి. అవతలి గట్టున ఆయన వియ్యంకులుంటారు. అందుకే చర్చి ముందున్న షాపులు బావమరిదికే, పాత అద్దెకే ఉన్నాయి.

2020లో విదేశీ విరాళాల చట్టం సవరించి, ఆ విరాళాల్లో పాలనా ఖర్చుకు వాడుకోదగ్గ వాటాను 50 శాతం నుంచి 20కి దించారు. డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలన్నారు. మావాళ్లు బెదరలేదు. అప్పటిదాకా పాలనా ఖర్చుగా ఉన్న ఇన్నోవా రాత్రికి రాత్రే సువార్త వాహనమైపోయింది. మారుమనస్సు పొందడం అంటే అదీ.

మీటింగు మినిట్స్ సంగతి చెప్పనక్కర్లేదు. సెక్రటరీ గారు ముందురోజే 'చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అని రాసి ఉంచుతారు. చర్చ మిగిలిపోతే కదా గొడవ.

బీకాం కుర్రాడు ఊరుకోడు. "లాకుల దగ్గర లస్కరు తలుపులెత్తి దించుతాడు గానీ కాలవ నీళ్లు తనవనుకోడు కదండీ, ట్రస్టీ కూడా అంతే" అన్నాడు. లస్కరుకు జీతముంది నాయనా! వీళ్లు ఉచితంగా చేస్తున్నారు. ఆ ఉచితం ఎంత గిడుతుందో వాళ్లకే తెలుసు.

వాడు బైబిలు కూడా తెచ్చాడు. మా దగ్గర కానుకల ఆదివారం ఎప్పుడూ మార్కు 12వ అధ్యాయమే, బీద విధవరాలి రెండు కాసులు. వాడు యోహాను 12 చదవమంటాడు. డబ్బు సంచి యేసును అప్పగించిన యూదా చేతిలోనే ఉండేదనీ, అందులో వేసింది అతను దొంగిలించేవాడనీ అక్కడుంది. అంత లోతైన వాక్యానికి సమయం చాలదని పాస్టరు అయ్యగారు సెలవిచ్చారు.

వచ్చే నెల సర్వసభ్య సమావేశం. కోరం, అంటే ఉండాల్సినంత మంది, లేకపోతే అరగంట ఆగి, ఉన్నవాళ్లతోనే కానిచ్చేస్తారు. బిర్యానీ ఆ తర్వాతే. కొత్త ట్రస్టీ ఎన్నిక కూడా ఉంది. ప్రెసిడెంటు గారబ్బాయి ఒక్కడే నామినేషన్ వేస్తున్నాడు. వాడికి పద్దెనిమిది నిండేది ఇరవై మూడో తారీఖున, అందుకని మీటింగు ఇరవై నాలుగున పెట్టారు.