చదవమంటారు, చదవనివ్వరు

ఎండలు ముదిరాయి. ఐస్‌క్రీమ్, లస్సీ, బాదంపాలు ఇళ్లలోకి వరదలా వస్తున్నాయి. ఆ డబ్బాల్లో ఒకదాన్ని వెనక్కి తిప్పి చూడండి. ఓ మూలన, చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో 'స్టెబిలైజర్స్' అనీ, పక్కన 407, 412, 466 లాంటి అంకెలూ ఉంటాయి. బిడ్డ ఏం తింటోందో తల్లికి తెలియాల్సిన చోట మిగిలింది ఆ అంకెలే.

లేబుల్ చదివి కొనండని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మంచి మాటే. ఆ సంస్థ కేంద్ర ఆరోగ్య శాఖ కిందిదే. పేరుకు బదులు నంబరు వేసినా చాలు, ఇంగ్లిష్ లేదా హిందీలో ఉంటే సరిపోతుంది అంటూ 2020లో నిబంధనలు తెచ్చిన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా ఆ శాఖ కిందిదే. చదవమనేదీ వాళ్లే, చదవనివ్వనిదీ వాళ్లే!

412 అంటే గోరుచిక్కుడు గింజల జిగురు. 407 సముద్రపు నాచు నుంచి తీస్తారు. 466 మొక్కల పీచును రసాయనాలతో మార్చి చేసేది. ఐస్‌క్రీమ్‌లో మంచు పలుకులు కట్టకుండా, లస్సీలో నీరు విడిపోకుండా, పానీయం చిక్కగా కనిపించేలా ఇవి పనిచేస్తాయి. ఈ నాలుగు ముక్కలు తెలుగులో అచ్చువేయడానికి అడ్డేమిటి? హోర్డింగులకూ టీవీ ప్రకటనలకూ పనికొచ్చిన తెలుగు, డబ్బా వెనక్కి వచ్చేసరికి ఎందుకు పనికిరాదు?

ఇవన్నీ అనుమతి ఉన్నవే, ప్రమాదం లేదని కంపెనీలు అంటాయి. అనుమతి ఉన్నమాట నిజమే. కానీ చాలా రకాల ఆహారాల్లో గోరుచిక్కుడు జిగురు లాంటివాటికి గ్రాముల్లో పరిమితే లేదు, తయారీకి ఎంత అవసరమైతే అంత వాడుకోవచ్చు. ఫ్రాన్స్‌లో లక్షమందికి పైగా పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2024లో వెల్లడించిన అధ్యయనంలో, 407, 412 ఎక్కువగా తిన్నవారిలో టైప్-2 మధుమేహం ఎక్కువగా కనిపించింది. కారణం అవేనని ఇంకా తేలలేదు. తేలేదాకా జాగ్రత్త పడదామనుకునే మనిషికి కనీసం పేరైనా తెలియాలి కదా!

నంబరు పక్కన పేరు, ఆ పేరు అమ్మే రాష్ట్రం భాషలో, కళ్లజోడు లేకుండా కనిపించే సైజులో తప్పనిసరి చేయాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ దీనిపై కేంద్రాన్ని నిలదీయాలి. అది జరిగేదాకా 'లేబుల్ చదవండి' అని జనానికి సుద్దులు చెప్పడం ఆరోగ్య శాఖ మానుకోవాలి.