నిద్రలో డాలర్లు, తుగ్గలిలో వజ్రాలు

కర్నూలు జిల్లా కుర్రాళ్లు ఇక బెంగుళూరు బస్సెక్కనక్కర్లేదు. సొంతంగా ఒక వెబ్‌సైటు పెట్టుకుంటే చాలు, మనం పడుకున్నా అది మేలుకుని డాలర్లు సంపాదిస్తుందని జ్ఞానులు సెలవిస్తున్నారు. ఈ జ్ఞానులు వీడియోల్లో దర్శనమిస్తారు. వెనక గోడకు నీలం లైటు, మూతి ముందర మైకు, పక్కన ప్లాస్టిక్ మొక్క. నిద్రలో అంత సంపాదించేవాళ్లు నిద్ర మానుకుని మరీ మనకు పాఠాలు చెబుతున్నారంటే ఎంత త్యాగం!

ఈ విద్య మనకు కొత్తేమీ కాదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో జనం నడుం వంచి నేల వెతుకుతారు. ఎవరికో ఒకరికి వజ్రం దొరుకుతుంది. పేపర్లో పడుతుంది. మర్నాడు ఇంకా జనం దిగుతారు. దొరకనివాళ్ల ఫోటో ఏ పేపరూ వేయదు. అక్కడ ఖాయంగా నాలుగు రాళ్లు వెనకేసుకునేది గట్టున టీలు, బజ్జీలు అమ్మేవాళ్లూ, రాయి తెచ్చినవాడికి తనకు తోచిన ధర చెప్పే వ్యాపారీ. వెబ్‌సైటు పొలంలో ఆ గట్టు మీద కూర్చున్నది సైటుకు చోటు (హోస్టింగు), పేరు (డొమైను) అమ్మేవాళ్లు. మొదటి ఏడాది చిల్లరకే ఇస్తారు. రెన్యువల్ బిల్లు వచ్చినప్పుడు గానీ చిల్లర అన్నది ఎవరిదో అర్థం కాదు.

చరిత్రకారులు ఒప్పుకోకపోయినా, మన జిల్లాలో మొదటి పబ్లిషరు అశోకుడు. గుత్తి, పత్తికొండల నడుమ ఎర్రగుడి గుండ్ల మీద రాయించిన శాసనాలు రెండువేల రెండొందల ఏళ్లు దాటినా అట్లే ఉన్నాయి. హోస్టింగు ఉచితం, రెన్యువల్ లేదు, సర్వరు పడిపోయిన దాఖలా లేదు. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకి చెక్కించాడు. సెర్చిలో ముందుకు రావడానికి ఆనాటి కిటుకేమో! భాష మాత్రం ప్రాకృతం. తెలుగులో రాస్తే పైసా రాలదని చక్రవర్తికి అప్పుడే తెలిసినట్టుంది. సైట్లలో ప్రకటనలు పెట్టించి, వాటి డబ్బులో వాటా ఇచ్చేందుకు 2003లో పుట్టిన గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకు తలుపు తీసింది 2018లో. తీసిన తలుపులోంచి వచ్చేది కూడా, ఇంగ్లీషులో ఇన్సూరెన్సు గురించి రాసేవాడికి వచ్చేదాని ముందు, దుమ్మూ ధూళే.

మా వీధి కుర్రాడు ఇవేవీ లెక్కచేయలేదు. కర్నూలు యార్డులో ఉల్లిగడ్డ ధరలు రాస్తూ సైటు పెట్టాడు. ధర పడిపోయిన రోజుల్లో రైతులు తెగ చూసేవాళ్లు. వార్త పక్కనే ప్రకటన: ‘ఐదు నిమిషాల్లో లోను’. ప్రకటనలు పాఠకుడి మనసెరిగి వస్తాయని ఊరికే అనరు.

ఆదాయం 10 డాలర్లు తాకగానే చిరునామా నిజమా కాదా చూడటానికి గూగుల్ వాళ్లు ఒక ఉత్తరం పంపుతారు. అందులో ఆరంకెల పిన్ ఉంటుంది. రిజిస్టరు పోస్టు కాదు, మామూలు పోస్టే. సరిహద్దులన్నీ దాటొచ్చి మన వీధి మలుపులో తప్పిపోవడానికి అన్ని అర్హతలూ ఉన్న ఉత్తరం. మావాడిది మాత్రం చేరింది. పోస్ట్‌మ్యాన్ దాన్ని తిప్పి తిప్పి చూసి, “ఏమప్పా, గూగుల్‌లో ఉద్యోగమా?” అన్నాడు. వాళ్లమ్మ కాదనలేదు. పసుపు, కుంకుమ పెట్టి దేవుడి పటం ముందర ఉంచింది. సాయంత్రానికల్లా వీధిలో పిల్లవాడి కట్నం రేటు పెరిగింది. బ్యాంకులో డబ్బు పడాలంటే 100 డాలర్లు నిండాలన్న సంగతి సంబంధాలు తెచ్చినవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ నూరూ నిండే దశలో రంగప్రవేశం చేశాడు ఆదోని మేనమామ. ప్రకటన మీద ఎవరైనా నొక్కితే అల్లుడికి డబ్బొస్తుందని చెల్లెలు ఫోన్లో చెప్పింది. ఇంకేం! సొంతవాళ్లు నొక్కకూడదు, ఎవరిచేతా నొక్కించకూడదు అన్నది నిబంధన. శుభకార్యానికి చదివింపులు చదివించకుండా వచ్చేస్తే మాట పడే జాతికి ఈ నిబంధన ఎట్లా ఎక్కుతుంది? ఖాతా మూతపడింది. పోగైన డబ్బు ప్రకటనలిచ్చినవాళ్లకే వాపసు.

“ఎందుకు నొక్కినావు మామా?”

“నీ కోసమే కదరా అల్లుడా! రేత్రంతా నిద్ర లేదు, వేలు వాసిపోయింది. నువ్వు ముందే చెప్పింటే పత్తి మార్కెట్టులో అందరిచేతా నొక్కించింటి.”

ఇప్పుడు మావాడికి దిగుల్లేదు. ‘వెబ్‌సైటుతో నెలనెలా సంపాదన’ అని వాడే క్లాసులు పెట్టాడు. గోడకు నీలం లైటు కొన్నాడు. బ్యాచీకి సీట్లు పరిమితం, ఫీజు ముందే కట్టాలి. మొదటి పాఠం: చుట్టాలకు చెప్పకండి. మామ కూడా చేరాడు. ఫీజులో పైసా తగ్గించలేదంట.